చతురస్రం ఎవరిది: స్పెయిన్ అంతర్యుద్ధంలో గెర్డా టారో, రాబర్ట్ కాపా

(సభకు రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు తెరమీద ఉన్న ఫొటో చూడండి. తొందరేం లేదు, నిదానంగా చూడండి. ఒక అమ్మాయి. ముఖం పక్కనుంచి కనబడుతోంది. ఒక మోకాలు ఇసుకలో ఆనించింది, చెయ్యి నిటారుగా చాచింది, ఆ చేతిలో పిస్తోలు. ఇప్పుడు కాళ్లవైపు చూడండి. హీల్సు! యుద్ధానికి శిక్షణ తీసుకుంటున్న మనిషి కాళ్లకు హీల్సు. 1936 ఆగస్టు, బార్సెలోనా పక్కన సముద్రపు ఒడ్డు. సైనిక తిరుగుబాటు జరిగి ఇంకా నెల కావస్తోంది, అంతే. జులై 17, 18 తేదీల్లో సైన్యాధికారులు రిపబ్లిక్ మీద, అంటే జనం ఎన్నుకున్న స్పెయిన్ ప్రభుత్వం మీద తిరగబడ్డారు. ఎదిరించడానికి జనం ఉన్నపళాన వచ్చేశారు. ఏ చెప్పులతో ఉంటే ఆ చెప్పులతో వచ్చేశారు.

ఇంకోటి గమనించండి. ఈ ఫొటో తీసిన మనిషి ఎక్కడుంది? నిలబడి తీసిందా? లేదు కదా. కెమెరా కిందుంది. అందుకే అమ్మాయి ఆకాశం మీద గీసినట్టుంది. మూడో సంగతి, ఇవాళ మాట్లాడుకోబోయేదంతా దీని మీదే: ఈ ఫొటో నలుపలకలా ఉంది. పొడవూ వెడల్పూ ఒకటే. చతురస్రం. ఈ చతురస్రాన్ని పట్టుకునే ఒక మనిషి పేరును డెబ్భై ఏళ్ల తర్వాత వెనక్కి తెచ్చారు. ఆ పేరు గెర్డా టారో.

ఈ సభకు పెట్టిన విషయం ‘యుద్ధంలో ప్రేమ, ప్రతిఘటన’. ప్రేమ అనగానే ఉత్తరాలూ, కన్నీళ్లూ, వీడ్కోళ్లూ గుర్తొస్తాయి. వాటి గురించి నేను చెప్పబోవడం లేదు. ఇద్దరు మనుషులు కలిసి పని చేస్తే, ఆ పని మీద ఎవరి పేరు వేశారు, ఎవరి పేరు చెరిగిపోయింది, ఎవరు దాన్ని సైకిలుమీద పెట్టుకుని మోశారు, అది చెబుతాను. నాకు ప్రేమ అక్కడే ఎక్కువగా కనబడుతుంది.

మనుషుల గురించి క్లుప్తంగా. ఆమె అసలు పేరు గెర్టా పోహోరిలె. 1910 ఆగస్టు 1న స్టుట్‌గార్ట్‌లో పుట్టింది, యూదు కుటుంబం. తర్వాత లైప్‌జిగ్. 1933లో హిట్లర్ వచ్చాక, నాజీలకు వ్యతిరేకంగా కరపత్రాల వ్యవహారంలో మార్చిలో అరెస్టయింది. బయటికొచ్చాక ఆ ఏడాదే పారిస్ చేరింది. అతను ఎండ్రె ఫ్రీడ్‌మన్, బుడాపెస్ట్, 1913. అతనూ యూదుడే, అతనూ దేశం వదిలినవాడే. 1934లో పారిస్‌లో కలిశారు. ఇద్దరి దగ్గరా డబ్బు లేదు, సరైన కాగితాలు లేవు. అతను ఆమెకు కెమెరా పట్టుకోవడం నేర్పాడు. మరి ఆమె అతనికేం నేర్పింది? అమ్మడం నేర్పింది. ఆమె అలయన్స్ ఫొటో అనే ఏజెన్సీలో పని చేసింది. ఏ పత్రికకు ఏ ఫొటో కావాలి, శీర్షిక ఎలా రాయాలి, ధర ఎలా మాట్లాడాలి, ఇవన్నీ అక్కడ ఒంటబట్టాయి.

1936 వసంతంలో ఇద్దరూ కలిసి ఒక మనిషిని సృష్టించారు. రాబర్ట్ కాపా! పేరున్న అమెరికన్ ఫొటోగ్రాఫర్, డబ్బున్నవాడు, అందుకే తక్కువ ధరకు ఫొటోలు ఇవ్వడు. ఫొటోలు తీసేది ఎండ్రె, సంపాదకుల దగ్గరకు తీసుకెళ్లేది గెర్డా. ఆ తర్వాత అతను ఆ పేరు తనే పెట్టుకున్నాడు, ఆమె టారో అయింది. ఎందుకు చెబుతున్నానంటే, ‘కాపా’ అన్న పేరు మొదట్లో ఒక మనిషిది కాదు. ఇద్దరి దుకాణం మీద బోర్డు అది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగిన అన్యాయానికి బీజం ఇక్కడే ఉంది.

1936 ఆగస్టు 5న ఇద్దరూ బార్సెలోనాలో దిగారు. ఇక్కణ్ణుంచి కెమెరాల సంగతి చెప్పాలి. కెమెరా తెలియకపోతే ఈ కథ తెలియదు.

ఆమె చేతిలో ఉన్నది రిఫ్లెక్స్ కోరెల్లె అని పరిశోధకులు తేల్చారు. జర్మనీలో డ్రెస్డెన్‌లో చేసిన కెమెరా. ఆరు సెంటీమీటర్ల చతురస్రపు ఫ్రేము. 120 ఫిల్ము, రోలుకు 12 ఫొటోలు. పన్నెండే! దాన్ని కంటికి ఆనించుకోరు, నడుము దగ్గర పట్టుకుని తల వంచి, పైనున్న గాజుపలకలోకి చూస్తారు. అందులో అద్దం ఉంటుంది కాబట్టి బొమ్మ నిటారుగానే కనిపిస్తుంది గానీ కుడిఎడమలు తారుమారు. ఎదురుగా సైనికుడు కుడివైపు పరిగెత్తితే గాజుమీద ఎడమవైపు పరిగెడతాడు. అలవాటు లేనివాళ్లు కెమెరాను ఎటు తిప్పుతారు? తప్పు వైపు తిప్పుతారు. మనిషి ఫ్రేము దాటిపోతాడు. ఇంకో ఇబ్బంది, షట్టర్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, గాజు నల్లబడిపోతుంది. ఫిల్ము తిప్పేదాకా మళ్లీ ఏమీ కనబడదు. ఇవాళ్టి కెమెరాల్లోలాగా అద్దం తనంతట తాను వెంటనే దిగదు. అంటే ఒక ఫొటో, ఆ తర్వాత గుడ్డితనం, మళ్లీ తిప్పు, మళ్లీ చూడు.

120 ఫిల్ముకు వెనక కాగితం ఉంటుంది, వెలుతురును ఆపేది అదొక్కటే. మండుటెండలో మార్చినా, చుట్ట వదులుగా ఉన్నా అంచుల్లోంచి వెలుతురు దూరుతుంది. కడిగాక చూస్తే ఫ్రేము పక్కన పొగలాంటి మరక. అందుకే నీడ వెతుక్కోవాలి, నీడ లేకపోతే తన ఒంటితోనే నీడ పట్టాలి, తీసిన రోలును బిగించి జిగురుపట్టీ తడిచేసి అంటించాలి. ప్రతి పన్నెండు ఫొటోలకూ ఈ తతంగమంతా ఉంటుంది. కందకంలో!

కాపా చేతిలో లైకా. 35 మిల్లీమీటర్ల ఫిల్ము, రోలుకు 36, ఫ్రేము దీర్ఘచతురస్రం, 24 బై 36 మిల్లీమీటర్లు. చిన్నది, జేబులో పడుతుంది. కానీ ఫిల్ము ఎక్కించడం చూడండి. వెనక తలుపు లేదు, అడుగు పలక తీసి కింద నుంచి ఎక్కించాలి. ఫిల్ము మొన సుమారు పది సెంటీమీటర్ల పొడవున ఒకవైపు సన్నగా కత్తిరించాలి. దాన్ని చుట్టుకునే స్పూలు పట్టీ కిందికి దూర్చి, డబ్బీనీ స్పూలునీ రెండూ ఒకేసారి కిందనుంచి లోపలికి నెట్టాలి. కత్తిరింపు కురచగా ఉంటే ఫిల్ము అంచు లోపల తగులుకుని చిరుగుతుంది, ఆ చిన్న తునక షట్టర్ గుడ్డలో ఇరుక్కుంటుంది. ఇక కెమెరా పని అయిపోయినట్టే. ఇంకా ఘోరం ఏమిటంటే, పళ్లచక్రం ఫిల్ము రంధ్రాలను పట్టుకోకపోతే ఫిల్ము అసలు కదలదు. అన్నీ నొక్కినట్టే ఉంటుంది, లెక్క 36 చూపిస్తుంది, కడిగితే ఖాళీ. అందుకే ఎక్కించాక, ఫిల్ము తిప్పుతున్నప్పుడు రెండోవైపు చుట్టే బొడిపె కూడా వెనక్కి తిరుగుతోందా లేదా అని చూసుకుంటారు. అది తిరిగితే ఫిల్ము కదులుతున్నట్టు. ఇంత చిన్న గుర్తు మీద ఒక రోజు యుద్ధం మొత్తం ఆధారపడి ఉంటుంది.

వెలుతురు లెక్క కూడా కాస్త చెబుతాను, ఫొటోలు తీసేవాళ్లు ఉన్నారు కదా ఇక్కడ. ఐఎస్ఓ అంటే ఫిల్ము వెలుతురును ఎంత త్వరగా పట్టుకుంటుందో చెప్పే అంకె. ఆనాటి ఫిల్ము ఇవాళ్టి లెక్కలో వంద ఐఎస్ఓకి లోపే అనుకోండి. ఐఎస్ఓ 50 అనుకుంటే, నిండు ఎండలో ఎఫ్ 16 దగ్గర సెకనులో యాభయ్యో వంతు. పరుగెత్తే మనిషి అలికిపోకుండా ఉండాలంటే కనీసం రెండువందల యాభయ్యో వంతు కావాలి. అంటే ఎపర్చర్, లెన్సులో వెలుతురు దూరే కన్నం, ఎఫ్ 8 కంటే కూడా కాస్త తెరవాలి (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ కన్నం పెద్దది). 50 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్ 8, ఐదు మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే సుమారు మూడున్నర మీటర్ల నుంచి తొమ్మిదిన్నర మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. బాంబులు పడుతుంటే ఫోకస్ ఎవరు తిప్పుతారు? ముందే ఐదు మీటర్లకు పెట్టుకుని, ఇక దూరం కాళ్లతో కొలవాలి. ఫొటో బాగా రాలేదంటే నువ్వు తగినంత దగ్గరికి వెళ్లలేదు అని కాపా అన్నట్టు చెప్పే మాట మీరందరూ వినే ఉంటారు. దాన్ని ధైర్యం గురించిన మాటగా చెబుతారు. ధైర్యం సరే, ఈ లెక్క కూడా అందులో ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒకే కందకం, ఒకే రోజు, ఇద్దరు పక్కపక్కనే. ఏ ఫొటో ఎవరిది?

మొదటి ఆరు నెలలకు జవాబు సులువు. చతురస్రమైతే ఆమెది, దీర్ఘచతురస్రమైతే అతనిది. సులువు అన్నాను గానీ ఇందులో ఒక మోసం ఉంది. పత్రికవాళ్లు కత్తిరిస్తారు! చతురస్రపు ఫొటోను పేజీకి సరిపోయేట్టు పైనా కిందా కోసేస్తే దీర్ఘచతురస్రం అయిపోతుంది. అచ్చులో చూసి చెప్పేస్తే తప్పు పోతారు. నెగటివ్ చూడాలి. అది లేకపోతే కాంటాక్ట్ ప్రింట్ చూడాలి. కాంటాక్ట్ అంటే తెలుసు కదా, నెగటివ్‌ను నేరుగా కాగితం మీద పెట్టి తీసేది, నెగటివ్ ఎంతో అంతే సైజులో ఉంటుంది, కోత ఉండదు. పారిస్‌లో వాళ్ల డార్క్‌రూమ్ చూసుకున్న మిత్రుడు చీకి వైస్, ఈ చిన్న చిన్న కాంటాక్టులను నోటుపుస్తకాల్లో వరసగా అతికించాడు. ఏది ఎప్పుడు, ఎక్కడ, ఏ పత్రికకు వెళ్లింది, ఇవి పట్టుకోవడానికి ఆ పుస్తకాలే దారి. అందులో కొన్ని ఇవాళ ఫ్రాన్స్ జాతీయ దస్త్రాల సంస్థలో ఉన్నాయి.

1937 మొదట్లో వచ్చింది చిక్కు. ఆమె కూడా లైకాకు మారింది. ఇక ఇద్దరివీ దీర్ఘచతురస్రాలే. ఫ్రేము చూసి చెప్పలేం. అప్పుడేం చేస్తారు? ప్రింటు వెనక చూస్తారు. ముద్ర ఉంటుంది. ఈ ముద్రల వరస చూడండి, నాకు ప్రేమకథ కంటే ఇదే ఎక్కువ చెబుతుంది. మొదట అన్నింటి మీదా కాపా. తర్వాత ‘కాపా, టారో రిపోర్టాజ్’. ఆ తర్వాత, 1937లోనే, ఒంటరిగా ‘ఫొటో టారో’. అంటే ఆమె తన పేరు తానే గెలుచుకుంది. పెళ్లి చేసుకుందామని అతను అడిగితే ఆమె ఒప్పుకోలేదని జీవితచరిత్రకారులు రాశారు. దాన్ని పట్టుకుని ప్రేమ తగ్గిందనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. ఆ ఏడాది మే నెలాఖరునా జూన్ మొదట్లోనూ సెగోవియా ఫ్రంటులో ఇద్దరూ కలిసే పని చేశారు. కలిసి ఉండటానికీ ఒకరి పేరులో కలిసిపోవడానికీ తేడా ఉంది, ఆమె ఆ తేడా పట్టుకుంది. అంతే.

ఈ ఫొటోలు అసలెందుకంత అవసరం? 1936 శరత్కాలానికి యూరప్ దేశాలు ఈ యుద్ధంలో జోక్యం చేసుకోకూడదని ఒప్పందం రాసుకున్నాయి. బ్రిటన్, ఫ్రాన్స్ ఆయుధాలివ్వలేదు. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టిన హిట్లర్, ముసోలినీ మాత్రం తిరుగుబాటు సైన్యం నాయకుడు ఫ్రాంకోకు విమానాలూ సైనికులూ పంపుతూనే ఉన్నారు. రిపబ్లిక్‌కు మిగిలిందేమిటి? బయటి జనం కళ్లు. ఫిబ్రవరి 1937లో మలాగా పడిపోయింది, జనం కాలినడకన తీరం వెంబడి అల్మేరియా వైపు పారిపోయారు. కాపా, టారో అక్కడికెళ్లారు. మే నెలలో వాలెన్సియా మీద బాంబులు పడ్డాయి. శవాగారం గేటు బయట తమవాళ్ల కోసం ఎదురుచూస్తున్న జనాన్నీ, లోపల శవాలనూ గెర్డా ఫొటోలు తీసింది. గేటుకు రెండు వైపులా తీసింది, గమనించండి. బాంబు ఎవరి మీద పడిందో చెప్పడానికి శవం ఒక్కటే చాలదు, ఆ కమ్మీలు పట్టుకుని లోపలికి చూస్తున్న ముఖాలు కూడా కావాలి. అలా తీయాలంటే బాధపడుతున్న మనిషి ఎదురుగా నిలబడాలి. అది కందకం కంటే తేలికైన పని కాదు.

జులై 6న బ్రునెటె మీద రిపబ్లిక్ సైన్యం దాడి మొదలుపెట్టింది. మాడ్రిడ్‌కు పడమట చిన్న ఊరు. నగరం మీద ఒత్తిడి తగ్గించడానికి వేసిన ఎత్తు. ఊరు వెంటనే పట్టుకున్నారు. కానీ చుట్టూ చదును నేల, చెట్టు లేదు, జులై ఎండ, పైన జర్మన్ కాండోర్ దళం విమానాలు. కాపా అప్పుడు పారిస్‌లో ఉన్నాడు. గెర్డా మాడ్రిడ్‌లో రచయితల అలయన్స్ భవనంలో దిగి, రోజూ ఫ్రంటుకు వెళ్లొచ్చేది. ఆ ఇంటిని నడిపింది ఎవరనుకున్నారు? ఇంకో జంట, మరియా తెరేసా లియోన్, రఫాయెల్ అల్బెర్తీ. అదే నగరంలో టెలిఫోన్ కంపెనీ భవనంలో, విదేశీ వార్తల సెన్సారు ఆఫీసులో రాత్రింబవళ్లు పక్కపక్క బల్లల మీద పనిచేసి ఒకటైనవాళ్లు ఆర్తూరో బరెయా, ఆస్ట్రియా నుంచి వచ్చిన ఇల్సా. ఆ మేడ మాడ్రిడ్‌లోకెల్లా ఎత్తైనది, అందుకే ఫిరంగులకు గురి. మాడ్రిడ్‌లో ఇలా పని చుట్టూ నడిచిన జంటలు ఉన్నాయి. ఈ మాట విడిగా గంటసేపు చెప్పాల్సింది, ఇప్పుడు వదిలేస్తున్నా.

జులై 25, ఆదివారం. రిపబ్లిక్ సైన్యం వెనక్కి తగ్గుతోంది. వెళ్లిపొమ్మని అక్కడి రిపబ్లిక్ సేనాని జనరల్ వాల్టర్ చెప్పినా గెర్డా వెళ్లలేదు. గోతిలో ఉండి పైన విమానాల్ని తీస్తూనే ఉంది. పక్కన కెనడా యువకుడు టెడ్ ఆలన్. చివరికి తిరిగొస్తూ గాయపడ్డవాళ్లను తీసుకెళ్తున్న కారు ఒకటి కనిపిస్తే, లోపల చోటు లేదు, పక్కనున్న ఫుట్‌బోర్డు మీద నిలబడ్డారు. అదుపు తప్పిన ట్యాంకు వచ్చి కారును గుద్దింది. శత్రువుది కాదు, తమదే. ఎల్ ఎస్కోరియల్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. 26 తెల్లవారుజామున చనిపోయింది. ఆ రోజు మెడలో ఉన్న కెమెరాలు మళ్లీ కనిపించలేదు. ఆగస్టు 1న పారిస్‌లో వేలమంది నడిచారు ఆమె వెంట, పెర్ లషేజ్ శ్మశానం దాకా. ఆ రోజు ఆమెకు ఇరవై ఏడో పుట్టినరోజు.

మరి పేరు ఎలా పోయింది? ఎవరో కుట్ర చేశారని చెప్పను. పోయిన తీరు మామూలుగానే ఉంది, అదే బాధ. మరుసటేడు కాపా స్పెయిన్ ఫొటోల పుస్తకం ఒకటి వేశాడు, ఆమెకే అంకితమిచ్చాడు, లోపల ఇద్దరి ఫొటోలూ ఉన్నాయి. కానీ ఏది ఎవరిదో విడిగా రాయలేదు. ఆమె తరఫున అడగడానికి ఎవరున్నారు? కుటుంబం నాజీ మారణకాండలో పోయింది. ఏజెన్సీలు చేతులు మారాయి. కాపా పేరు పెద్దదైంది, పెద్ద పేరున్న ముద్ర కింద చిన్న పేరున్న ప్రింట్లు చేరిపోయాయి. 1954లో వియత్నాంలో మందుపాతర మీద కాలు పడి కాపా కూడా పోయాడు. ఆ తర్వాత ఆమె ‘కాపా ప్రియురాలు’ అయింది. పుస్తకాల్లో ఒక పేరా. 1990ల్లో జర్మనీలో ఇర్మె షాబర్ అనే పరిశోధకురాలు ఆమె జీవితచరిత్ర రాసేదాకా అంతే. ప్రేమించడం వేరు, శీర్షిక సరిగ్గా రాయడం వేరు అని నేనెందుకు అంటానో చూడండి. అతను ప్రేమించాడు, సందేహం లేదు. కానీ ఫొటో కింద పేరు రాయనిచోట ప్రేమ సాక్ష్యానికి రాలేదు.

ఇక పెట్టెల కథ. 1939 నాటికి రిపబ్లిక్ ఓడిపోయింది, మరుసటేడు నాజీలు పారిస్ మీదకు వస్తున్నారు. చీకి వైస్ నెగటివులు సంచీలో వేసుకుని సైకిలు మీద బోర్డో వైపు బయల్దేరాడు. ఓడ ఎక్కించి మెక్సికోకు పంపాలని. చివరికి అవి విషీ ఫ్రాన్స్‌లో, అంటే ఓటమి తర్వాత నాజీలతో రాజీపడ్డ ఫ్రాన్స్ ప్రభుత్వం దగ్గర, మెక్సికో రాయబారిగా ఉన్న జనరల్ ఫ్రాన్సిస్కో అగ్విలార్ గోన్సాలెస్ సామానులో చేరి మెక్సికో వెళ్లాయి. 1990ల్లో అక్కడే బయటపడ్డాయి. 2007 డిసెంబరులో న్యూయార్క్‌లోని అంతర్జాతీయ ఫొటోగ్రఫీ కేంద్రానికి చేరాయి. మూడు అట్టపెట్టెలు, 126 రోళ్లు, సుమారు 4,500 నెగటివులు. కాపావి, టారోవి, వాళ్ల మిత్రుడు షిమ్, అంటే డేవిడ్ సేమూర్‌వి. పెట్టె లోపల చిన్న చిన్న గళ్లు, గడికో చుట్ట, ఏ గడిలో ఏముందో మూత లోపల చేత్తో రాసిన పట్టిక.

ఆ ఫిల్ము నైట్రేటు. నైట్రేటు అంటే తడీ వేడీ తగిలితే తనను తానే తినేసే పదార్థం. ముందు పసుపెక్కుతుంది, తర్వాత జిగురై అంటుకుంటుంది, చివరికి పొడి. ముదిరితే నిప్పంటుకునే ప్రమాదం కూడా. మన కోస్తాలో ఏ బీరువాలోనో ఇన్నేళ్లు ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. మెక్సికో నగరం ఎత్తు ప్రాంతం, గాలి పొడి. బతికాయి. కానీ డెబ్భై ఏళ్లు చుట్టుకుని ఉన్న ఫిల్మును బలవంతంగా సాపు చేస్తే విరుగుతుంది. అందుకని ప్రత్యేకంగా ఒక పట్టుపలక చేయించి, కొద్దికొద్దిగా పరిచి, ఒక్కో ఫ్రేమునూ ఫొటో తీశారు.

తెగని రోలు దొరికితే ఏమవుతుంది? వరస దొరుకుతుంది. ఒకటో ఫ్రేము నుంచి చివరిదాకా ఆ మనిషి ఎక్కడ నిలబడింది, ఎటు జరిగింది, ఎక్కడ ఆగింది, తెలుస్తుంది. ఒకే రోలులో ముందూ వెనకా ఆమెవే అయితే మధ్యదీ ఆమెదే. పక్కనున్న మనిషి ఫ్రేములో పడితే ఇంకా మంచిది, తీసింది అతను కాదు కదా! లైకా వచ్చాక పోయిన ఆనవాలు అలా మళ్లీ చిక్కింది. బ్రునెటెలో ఆమె తీసిన రోళ్లు ఆ పెట్టెల్లో ఉన్నాయి. అందరూ అడిగే కాపా ఫొటో, గుండు తగిలి వెనక్కి ఒరుగుతున్న సైనికుడి ఫొటో, దాని నెగటివు మాత్రం అందులో లేదు. అందుకే అది నిజంగా జరిగిందా, కావాలని నిలబెట్టి తీసిందా అన్న వాదాలు తెగలేదు, నేనూ ఇవాళ తీర్పు చెప్పను.

ఆఖరుగా ఈ ఫ్రేము. సెగోవియా ఫ్రంటు, 1937. దీర్ఘచతురస్రం. ఇందులో కాపా ఉన్నాడు, చేతిలో సినిమా కెమెరా ఉంది. తీసింది గెర్డా. ఇప్పుడు కాంటాక్ట్ షీట్ల నకళ్లు మీ వరసల్లోకి పంపిస్తున్నాం, ఇద్దరికి ఒకటి చొప్పున తీసుకోండి, భూతద్దాలు ఆ బల్లమీద ఉన్నాయి. కింద పేర్లు కావాలనే తీసేశాం. ముందు ఫ్రేము ఆకారం చూడండి, తర్వాత అంచు మీద నంబరు, ఆ తర్వాత కెమెరా ఎంత ఎత్తులో ఉందో చూడండి. పది నిమిషాలయ్యాక ఒక్కొక్కటీ ఎవరిదనుకుంటున్నారో మీరే చెప్పండి.